స్మోకీ కొండల్లో రంగులు: ఏ వారం, ఎంత ఎత్తు

ఆగస్టు చివరికి వచ్చేసరికి అట్లాంటా, షార్లెట్, రాలీ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: ఈసారి ఫాల్ కలర్స్ పీక్ ఎప్పుడు? ఒకరు అక్టోబరు రెండోవారం అంటారు, ఇంకొకరు నాలుగోవారం అంటారు, మరొకరు ఎరుపూ పసుపూ పూసిన మ్యాపొకటి పంపిస్తారు. ఆ తర్వాత అందరూ వెళ్లొస్తారు. ఒక ఇంటివాళ్లు "ఇంకా పచ్చగానే ఉంది" అంటే, పక్కింటివాళ్లు "మేం వెళ్లేసరికే రాలిపోయాయి" అంటారు. తీరా అడిగితే ఇద్దరూ వెళ్లింది ఒకే శనివారం, ఒకే పార్కుకి.

ఇద్దరి మాటా నిజమే. అదెలాగో తెలిస్తే ప్రయాణం వేసుకోవడం చాలావరకు తేలికవుతుంది.

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు నార్త్ కరోలినా, టెనెసీ రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. అమెరికా నేషనల్ పార్కులన్నిటిలోకీ ఎక్కువమంది వచ్చేది దీనికే. అందులో అన్నిటికన్నా పల్లపు చోటు సుమారు 875 అడుగుల ఎత్తులో ఉంటే, అన్నిటికన్నా ఎత్తయిన కువోహి శిఖరం 6,643 అడుగులు. మన అరకు లోయ దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంటుంది. ఇక్కడ కిందికీ పైకీ మధ్య ఉన్న తేడాయే దానికి రెట్టింపు దగ్గరగా ఉంది. వెయ్యి అడుగులు ఎక్కితే వాతావరణం మూడు నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడుతుంది. అంటే లోయలో చొక్కాతో తిరుగుతున్న రోజునే శిఖరం మీద స్వెటరు కావాలి. చెట్టుకూ అంతే. పైన సెప్టెంబరులోనే మొదలైన రంగు మెల్లమెల్లగా కిందికి దిగుతూ, లోయలకు చేరేసరికి నవంబరు మొదటివారం అవుతుంది.

కాబట్టి పీక్ ఒక తేదీ కాదు, కొండ మీంచి కిందికి దిగే ఒక పట్టీ. అక్టోబరు నెలంతా అది కొండ మీద ఏదో ఒక ఎత్తులో ఉంటుంది. నా సలహా ఇంతే: సెలవు దొరికే వారాన్ని ముందు ఖాయం చేసుకోండి, ఆ వారానికి తగిన ఎత్తును తర్వాత వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఊరినీ హోటలునీ ముందు పట్టుకుని, రంగు అక్కడికి రావాలని ఎదురుచూస్తారు.

అక్టోబరు తొలి పది పన్నెండు రోజులే మీ చేతిలో ఉన్నాయనుకుందాం. అప్పుడు నాలుగు వేల అడుగులు దాటి పైకి వెళ్లాలి. గాట్లిన్‌బర్గ్ నుంచి చెరోకీ వరకు కొండను అడ్డంగా దాటే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు 5,046 అడుగుల దగ్గర రాష్ట్ర సరిహద్దును తాకుతుంది. అక్కణ్నుంచి కువోహికి వేరే రోడ్డు చీలుతుంది. పాత మ్యాపుల్లో ఈ శిఖరం పేరు క్లింగ్‌మన్స్ డోమ్ అని ఉంటుంది. చెరోకీ ప్రజల పాత పేరును 2024 సెప్టెంబరులో తిరిగి పెట్టారు. పార్కు బయట, బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద గ్రేవ్‌యార్డ్ ఫీల్డ్స్, రిచ్‌లాండ్ బాల్సమ్, క్రాగీ గార్డెన్స్ కూడా ఈ ఎత్తువే. గ్రేవ్‌యార్డ్ ఫీల్డ్స్‌కి ముందుగా రంగు మారుతుందన్న పేరుంది. మిసిసిపీ నదికి తూర్పున అన్నిటికన్నా ఎత్తయిన మౌంట్ మిచెల్ (6,684 అడుగులు) ఈ దారిలోనే, ఆష్‌విల్‌కి ఈశాన్యంగా ఉంది.

నెల మధ్యకు వస్తే రెండున్నర వేల నుంచి నాలుగు వేల అడుగుల మధ్య వాలులు బాగుంటాయి. శిఖరాలకు ఎక్కే దారులు, గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ చుట్టుపక్కల పార్క్‌వే ఇందులోకి వస్తాయి. నెలాఖరుకి కేడ్స్ కోవ్, లిటిల్ రివర్ రోడ్డు, ఓకొనలఫ్టీ పల్లపు మైదానాలు. ఈ లెక్క ఏడాదిని బట్టి వారం పది రోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఎత్తు తేడా ఎక్కువున్న రోడ్డునే ఎంచుకోమంటాను. న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు మీద ఒక గంట ప్రయాణంలో మూడున్నర వేల అడుగులు ఎక్కుతారు. లెక్క కొంచెం తప్పినా దారిలో ఎక్కడో ఒకచోట రంగు దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. శిఖరాల నెత్తిన ఉండేవి స్ప్రూస్, ఫర్ చెట్లు. అవి ఆకు రాల్చవు, రంగు మారవు. కువోహి మీద నిలబడితే చుట్టూ ముదురుపచ్చ కనిపిస్తుంది, రంగులు మీ కాళ్లకింద వాలులో ఉంటాయి. ఆ పచ్చదనం మధ్య బూడిదరంగులో మోడులు నిలబడి ఉంటాయి. ఆకులు రాలిపోయాయని చాలామంది వాటిని చూపిస్తారు గానీ, అవి చచ్చిపోయిన ఫ్రేజర్ ఫర్ చెట్లు. యూరప్ నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు దశాబ్దాల క్రితమే వాటిని పీల్చేసింది.

ఇక రంగు సంగతి. ఆకు పచ్చగా ఉండటానికి కారణం పత్రహరితమని బడిలో చదువుకున్నాం. అది నిలకడగా ఉండే పదార్థం కాదు. ఎండలో విరిగిపోతూ ఉంటుంది, చెట్టు మళ్లీ తయారుచేస్తూ ఉంటుంది. పగలు కురచై, చలి మొదలయ్యాక చెట్టు ఆ తయారీ ఆపేస్తుంది. ఉన్నది విరిగిపోయాక, వేసవంతా దానికింద దాగి ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. అవి కెరోటినాయిడ్లు. బిర్చ్, హికరీ, ట్యూలిప్ పాప్లర్ చెట్ల పసుపు ఇదే.

ఎరుపు కథ వేరు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ముందునుంచీ ఆకులో ఉండవు. మన నేరేడు పండుకు ఊదారంగునిచ్చే కుటుంబానివే అవి. ఆకు కాడ మొదట్లో బెరడులాంటి పొర ఏర్పడి రవాణా దారి మూసుకుపోతున్నప్పుడు, ఆకులో మిగిలిన చక్కెరతో ఇవి అప్పటికప్పుడు తయారవుతాయి. పోయే ఆకు కోసం చెట్టు ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకుంటుందన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం. మనకు కావలసింది దాని ఫలితం: పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న రోజులు వరసగా వస్తే మేపుల్, సోర్‌వుడ్, స్కార్లెట్ ఓక్ నిప్పుల్లా మారతాయి. మబ్బు పట్టిన, రాత్రుళ్లు వెచ్చగా ఉన్న అక్టోబరులో ఎరుపు వెలవెలబోతుంది. పసుపు మాత్రం ఏటా దాదాపు అలాగే ఉంటుంది. వేసవి చివర వానలు లేకపోతే ఆకులు ముందే ఎండి రాలిపోతాయి, ఈదురుగాలి కొడితే ఒక్కరాత్రిలో కొమ్మలు ఖాళీ అవుతాయి.

మన అడవులు ఇలా ఎందుకు మారవని పిల్లలు అడుగుతారు. మన టేకూ మోదుగా ఆకు రాల్చేది చలికి కాదు, నీటి ఎద్దడికి. మన శిశిరం మాఘ ఫాల్గుణాల్లో వస్తే, ఇక్కడి ఆకురాలు కాలం మన శరదృతువులో, ఆశ్వయుజ కార్తికాల్లో వస్తుంది.

దాంతో ఇంకో చిక్కు. దసరా, బతుకమ్మ, దీపావళి ఇదే ఆరు వారాల్లో పడతాయి. తెలుగు సంఘాల కార్యక్రమాలన్నీ వారాంతాలకే పెడతారు. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే. బడులకు సెలవున్నచోట ఆ మూడు రోజులూ కొండదారులు కిక్కిరిసిపోతాయి. మిగతా వారాంతాలూ దాదాపు అంతే. ఒక్క మంగళవారమో బుధవారమో సెలవు పెట్టగలిగితే, ఫోటోల కోసం కొత్త కెమెరా కొనడం కన్నా అదే లాభం. పిల్లల బడి ఒకరోజు పోతుందంటారా, పోనివ్వండి.

వారాంతమే తప్పకపోతే పొద్దున్నే బయల్దేరడం ఒక్కటే మార్గం. అక్టోబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఉదయం ఏడున్నర దాటాకే. కాబట్టి పొద్దున్నే అంటే మన తిరుమల సుప్రభాతం వేళ అక్కర్లేదు. ఏడింటికి గది వదిలితే చాలు. పది దాటితే న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం కష్టం. కేడ్స్ కోవ్ చుట్టూ ఉన్న పదకొండు మైళ్ల దారి ఒకవైపు రాకపోకలది. ముందున్న కారులోవాళ్లు ఎలుగుబంటిని చూడటానికి ఆగితే వెనకున్న వందమందీ ఆగుతారు, అక్టోబరులో మూడు నాలుగు గంటలు దానికే పోవచ్చు. ఒకే రోజు వెళ్తున్నవాళ్లు కేడ్స్ కోవ్‌ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. బదులుగా టౌన్‌సెండ్ వైపు ఫుట్‌హిల్స్ పార్క్‌వే, లేదా నార్త్ కరోలినాలో రాబిన్స్‌విల్ నుంచి టెనెసీలోని టెలికో ప్లెయిన్స్ దాకా సాగే చెరొహాలా స్కైవే చూడండి. రెండోది అయిదు వేల అడుగులు దాటుతుంది, జనం తక్కువ.

బ్లూ రిడ్జ్ పార్క్‌వే గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వర్జీనియాలోని షెనండోవా దగ్గర మొదలై చెరోకీ దాకా 469 మైళ్లు ఉంటుంది. పని 1935లో మొదలై, గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ పక్కన లిన్ కోవ్ వంతెనతో 1987లో పూర్తయింది. దారి పొడవునా మైలురాళ్లుంటాయి, ఏ చోటునైనా వాటి అంకెతోనే చెప్తారు. గ్రేవ్‌యార్డ్ ఫీల్డ్స్ 418 దాటాక, క్రాగీ గార్డెన్స్ 364 దగ్గర. వేగం గంటకు 45 మైళ్లు మించకూడదు. మలుపులూ ఆగడాలూ కలిపితే ఆ వేగం కూడా రాదు. ఫోన్‌లోని మ్యాపు మిమ్మల్ని వదలకుండా ఇంటర్‌స్టేట్ వైపు లాగుతుంది, దాని మాట వినకండి. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను పశ్చిమ నార్త్ కరోలినాను ముంచెత్తినప్పుడు ఈ రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది, కొండచరియలు విరిగిపడ్డాయి. మరమ్మతులు భాగాలుగా సాగాయి. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీసు వెబ్‌సైటులో ఏ మైలురాయి నుంచి ఏ మైలురాయి దాకా తెరిచి ఉందో చూసుకోండి.

స్మోకీస్‌లోకి ప్రవేశ రుసుము లేదు. కానీ 2023 నుంచి, పదిహేను నిమిషాలకు మించి కారు నిలిపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి: రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. ఇతర పార్కులకు పనికొచ్చే వార్షిక పాసు దీనికి చెల్లదు. పెట్రోలు బంకు పార్కులో లేదు, పార్క్‌వే మీదా లేదు. ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు కనుక మ్యాపు ముందే దించుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగండి. అద్దె కారైతే ఆ గేరు ఎక్కడుందో బయల్దేరేముందే చూసుకోండి.

మే తొలిరోజుల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆరు నెలల గడువు నవంబరు తొలిరోజుల్లో ముగుస్తుంది. టికెట్ మార్చకుండా చూపించి పంపగలిగిన పెద్ద వింత ఇదే. అయితే వాళ్లను కువోహి శిఖరం మీది గోపురం ఎక్కించాలని పట్టుబట్టకండి. దారి అర మైలే, పక్కా బాటే, కానీ నిలువు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎక్కడం కన్నా దిగడం కష్టం. కారు దిగి పది అడుగులు వేస్తే కొండలు కనిపించే ఓవర్‌లుక్‌లు డజన్లకొద్దీ ఉన్నాయి. న్యూఫౌండ్ గ్యాప్‌లో మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. శాకాహారులకు కొండ మీద పెద్దగా ఏమీ దొరకదు, పులిహోర వెంట ఉంటే మధ్యాహ్నం తిండి కోసం ఊళ్లోకి దిగే రెండు గంటలు మిగులుతాయి. మిగిలిన ఆహారం కారులో పెట్టి తాళం వేయాలి. అక్టోబరులో ఎలుగుబంట్లు చలికాలానికి ముందు ఓక్ కాయల కోసం తెగ తిరుగుతుంటాయి. వాటికి 50 గజాల దూరంలో ఉండాలన్నది చట్టం.

బస కోసం గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ అందరికీ తెలుసు. రద్దీ వద్దనుకుంటే టౌన్‌సెండ్, బ్రైసన్ సిటీ, వేన్స్‌విల్ ఉన్నాయి. అక్టోబరు క్యాబిన్లు వేసవిలోనే అయిపోతాయి, చాలావాటికి రెండు మూడు రాత్రుల షరతు ఉంటుంది. రద్దు చేసుకోగలిగే గది అయితే కొంచెం ఎక్కువైనా తీసుకోండి; తుఫాను వచ్చినా రోడ్డు మూసేసినా డబ్బు పోదు.

వెళ్లిన రోజున మబ్బు కమ్మిందనుకోండి. శిఖరం మీద ఏమీ కనపడదు, అక్కడ కూర్చుని ఎదురుచూడకుండా కిందికి దిగి ఏటి పక్క రోడ్డు పట్టుకోండి. తడిసిన బెరడు నల్లగా, ఆకు ముదురుగా కనిపించి, ఎండలోకన్నా రంగు చిక్కగా ఉంటుంది. ఎండ కాస్తే మాత్రం సూర్యుడికి ఎదురుగా, ఆకుల్లోంచి వెలుగు మీవైపు వచ్చేలా నిలబడాలి.

థ్యాంక్స్‌గివింగ్‌కి తప్ప సెలవు దొరకనివాళ్లు రంగుల కోసం రానక్కర్లేదు, అప్పటికి లోయల్లో కూడా అయిపోతాయి. అయితే వాతావరణం బాగుంటే కువోహి రోడ్డు నవంబరు 30 దాకా తెరిచే ఉంటుంది. ఆకులు లేని కొమ్మల్లోంచి, వేసవిలో కనిపించని కొండలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. హోటలు అద్దెలు కూడా అప్పటికి దిగివస్తాయి.