వాగు పక్కన ప్లాటు



కిందటి నెలలో మా వారు నరసరావుపేట శివార్లలో ప్లాటు ఒకటి చవగ్గా వస్తోందని కబురు తెచ్చారు. "పక్కనే వాగు, చల్లగా ఉంటుంది" అన్నారు. వాగు అనేసరికి నా గుండె ఝల్లుమంది. ఎందుకంటారా?

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు ఇల్లు మునిగింది. పసిబిడ్డకు పాలు కూడా లేక మేడమీద మూడు రోజులు గడిపారు. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరు చేరే వాగు అది. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కాలువ తవ్వి, దాని వరదను కృష్ణలోకి మళ్లించారు. ఆలోచన మంచిదే. కాని ఆ వరదల్లో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పొంగింది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే నిలుస్తుందా? కాలువ గట్టుకు గండ్లు పడి, నీళ్లు పాత పల్లం దారి పట్టాయి. ఆ పల్లంలోనేమో ఇళ్లు!

పొయ్యి మీద పాలు పొంగుతుంటే వెడల్పు గిన్నెలోకి వంచుతామా, సన్నమూతి చెంబులోకా? వాగుకు అటూ ఇటూ ఉండే పల్లమే దాని వెడల్పు గిన్నె. నీరక్కడ పరుచుకుని, కొంత ఇంకి, ఒండ్రు వదిలి నెమ్మదిగా పోతుంది. వాగును తిన్నగా చేసి గట్లు బిగిస్తే, వడి పెరిగి కింది ఊరివాళ్ల నెత్తిన పడుతుంది.

అమెరికాలో, ఫ్లోరిడాలో కిస్సిమ్మీ అనే నది 166 కిలోమీటర్లు మెలికలు తిరిగేది. వరదలకు భయపడి 1962-71 మధ్య దాన్ని 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా తవ్వేశారు. చిత్తడి నేలలు ఎండాయి, బాతులూ కొంగలూ పోయాయి. చివరికి నాలిక కరుచుకుని, 1999 నుంచి 2021 దాకా 35 కిలోమీటర్ల కాలువను మట్టితో పూడ్చారు. నీరు పాత మెలికల్లోకి వచ్చింది, వెనకే పక్షులూ వచ్చాయి. తవ్వడానికి తొమ్మిదేళ్లు, పూడ్చడానికి ఇరవై రెండేళ్లు!

అక్కడ చుట్టుపట్ల భూములు ప్రభుత్వమే కొనుక్కుంది. బుడమేరు పల్లంలో అంత తేలిక కాదు. ఆక్రమణలు తొలగించాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. కాని పుస్తెలు కుదువపెట్టి గోడలు లేపుకున్న ఇల్లాలికి వేరేచోటు చూపించకుండా పొమ్మంటే ఎక్కడికి పోతుంది చెప్పండి?

మన పల్నాటి వాగుల సంగతీ అంతే. కారంపూడి నాగులేరు గాని, మాచర్ల చంద్రవంక గాని వేసవిలో చూస్తే ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. గట్టి వాన పడితే గాని దాని అసలు వెడల్పు తెలియదు.

అందుకే బయానా ఇవ్వకముందే గ్రామ పటం తీయించి, అది వాగు పోరంబోకేమో చూడండి. పాతకాపుల్ని అడగండి. మేమూ ఆ ప్లాటు చూడబోయాం. గేదెలు కాసుకుంటున్న ఒక ముసలమ్మ తుమ్మచెట్టు చూపించింది. మా వారి తలకంటే ఎత్తున, కొమ్మకు నిరుటి వరద చెత్త ఇంకా వేలాడుతోంది.