“మరనథా” పదచ్ఛేదము: ఆదిక్రైస్తవబోధయందలి యంత్యకాలభావము

క్రీస్తుశకము 54వ సంవత్సర ప్రాంతమునఁ బౌలు కొరింథు సంఘమునకు గ్రీకుభాషలో వ్రాసిన పత్రిక తుదిని “మరనథా” యను పదము కలదు. ఇది గ్రీకుపదము కాదు, అరామికము. గ్రీకు సంఘమునకు వ్రాయుచు దీని యర్థమును వివరింపక విడుచుటచే, నీ పద మప్పటికే సంఘమున రూఢమై యుండెననియు, అరామికము మాటలాడిన పాలస్తీనాలోని తొలిశిష్యులనుండి సంక్రమించినదనియుఁ దేలుచున్నది. కాఁబట్టి క్రైస్తవబోధ మూలముల నరయువారికి దీనికంటెఁ బ్రాచీనమగు సాక్ష్య మరుదు.

దీనిని రెండు విధముల విడఁదీయవచ్చును. “మరన్ అథా” యనినచో “మా ప్రభువు వచ్చెను” అని భూతార్థము. “మరనా థా” యనినచో “మా ప్రభూ, రమ్ము” అని ప్రార్థనార్థము. ప్రాచీనకాలపు గ్రీకు లేఖకులు సాధారణముగాఁ బదములనడుమ నెడము విడువరు గనుక వ్రాఁతవలన మాత్రమే నిర్ణయము కుదురదు. విభాగ మెట్లున్న నట్లు బోధ గతమును జెప్పునదియో, రాఁబోవుదానిఁ గోరునదియో యగును.

సందేహస్థలమునఁ బ్రకరణము శరణ్యము. “డిడకే” యను ప్రాచీన సంఘనియమగ్రంథము 10వ యధ్యాయమున నీ పదము సహపంక్తిభోజనానంతర ప్రార్థనలోఁ గానవచ్చును. అచ్చట నీ లోకము గతించుఁగాక యను కోరికయుఁ గలదు. ప్రకటనగ్రంథము తుదిని దీనికి సరియగు గ్రీకువాక్యము లోట్టుననే యున్నది. 1947 మొదలు కుమ్రాను గుహలలో దొరకిన యరామిక లేఖనములయందు “మా” యను నర్థమిచ్చు ప్రత్యయము “నా” యని దీర్ఘాంతముగాఁ గన్పట్టుటయు రెండవ విభాగమునకే యనుకూలము.

ఈ ప్రార్థనకు వెనుకనున్న భావము యూదులది. “అపొకాలుప్సిస్” అనఁగా నావరణమును దొలఁగించుట. అందలి యుపసర్గము సంస్కృతమున “అప” యగును. క్రీస్తుపూర్వము 167వ సంవత్సరమున నంతియోకసు రాజు యెరూషలేము దేవాలయము నపవిత్రము చేసిన కాలముననే దానియేలు గ్రంథమున దర్శనభాగము లేర్పడినవి. దుష్టరాజ్యముల యంతమును, మృతుల పునరుత్థానమును, తీర్పును నందుఁ జెప్పఁబడినవి. మన యుగాంతము వంటి దని దీని నెంచరాదు. యుగములు మఱల మఱల వచ్చును; ఈ యంత మొక్కమాఱే.

పునరుత్థాన మంత్యకాలపు కార్యమని తలంచు జనులలోఁ దొలిబోధకులు “ఒకఁడు లేచియున్నాఁడు” అని చాటిరి. కొరింథీయుల పత్రిక 15వ యధ్యాయమున మరణమును, సమాధియుఁ జెప్పు క్రియలు మన లుఙ్ వంటి రూపమున నుండఁగా, లేచుటఁ జెప్పు “ఎగేగెర్తై” మాత్రము ద్విత్వముతోఁ గూడిన పర్ఫెక్టు రూపము. అది లిట్టునకు సోదరమేయైనను లిట్టువలెఁ బరోక్షభూతమును జెప్పదు. జరిగినదాని ఫల మిప్పుడును నిలిచియున్నదని చెప్పును. పౌలు లేచినవానిని బ్రథమఫల మనెను. తొలిపన చేతికి వచ్చిన పిమ్మటఁ దక్కిన పైరు కోఁతకు రాక తప్పదు గదా! క్రీస్తుశకము 50వ సంవత్సర ప్రాంతమున థెస్సలొనీకయులకు వ్రాయుచు, ప్రభువు రాకడనాఁటికి సజీవులై యుండువారిలోఁ దన్నును జేర్చికొనుటకు హేతు విదియే.

ఆధునికులలో నీ విషయమై వాదము కలదు. దేవరాజ్యము నీతిక్రమాభివృద్ధి కాదనియు, రాఁబోవు దైవకార్యమనియు యోహాన్నెస్ వైస్ 1892లోను, ఆల్బర్టు ష్వైట్జర్ 1906లోను వాదించిరి. అది వచ్చియే యున్నదని డాడ్ 1935లో సిద్ధాంతీకరించెను. అంత్యకాలభావమే క్రైస్తవ దైవశాస్త్రమునకుఁ దల్లియని కేసెమన్ 1960లోఁ జెప్పెను.

పదములను బరిశీలింపఁగా నొక పక్షమే చాలదని తోఁచును. “లేచియున్నాఁడు” అను నిశ్చయము లేక “రమ్ము” అను పిలుపు పొసఁగదు. పిలుపు లేనిచో నా నిశ్చయ మొక్కని వృత్తాంతమాత్రమై మిగులును. రాకడ యాలసింపఁగా నాక్షేపములు పుట్టినవి. దేవునికి వేయేండ్లొక దినమువంటి వను సమాధానము పేతురు పేరిటి రెండవ పత్రికలోఁ గలదు. కాలగణన సడలినను బోధ నిలిచినది. “మరనథా” ప్రార్థన నేఁటికిని నిలిచియున్నది.