మెట్టుగూడ ఎండలో ఇంటి వర్క్‌షాపు

నిజాం రైల్వే 1893లో సికింద్రాబాద్ లాలాగూడలో రైలు పెట్టెల వర్క్‌షాపు పెట్టింది. దాని పక్కనే ఉన్న మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లు వెలిశాయి. ఫిట్టర్, టర్నర్, వెల్డర్ అన్న మాటలు ఈ పేట పిల్లలకు అ ఆల తర్వాత వచ్చే పాఠాలు. ఇలాంటి చోట రిటైరైన పనివాడికో, ఐటీఐ చదివే కుర్రాడికో బండి పెట్టుకునే షట్టర్ గదిలో ఒక బెంచీ, ఒక వైస్, చిన్న లేతు పెట్టుకోవాలనిపించడంలో వింతేమీ లేదు. అయితే ఇంటి వర్క్‌షాపు కట్టడం గురించి దొరికే పుస్తకాలు చాలావరకు చలిదేశాలవి. వాటిలో గది వెచ్చబెట్టడం పెద్ద అధ్యాయం. పొయ్యి ఎక్కడ పెట్టాలి, గోడల్లో గాజు ఉన్ని ఎంత మందాన కూరాలి అన్న లెక్కలే ఎక్కువ.

ఆ అధ్యాయం ఇక్కడ పనికిరాదు. వాతావరణ రికార్డుల్లో హైదరాబాద్ కనిష్ఠం 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. మామూలు డిసెంబరు తెల్లవారుజాము దానికి చాలా పైనే ఉంటుంది, ఒక స్వెట్టరుతో సరిపోతుంది. గరిష్ఠం 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు. మన వర్క్‌షాపు ఎదుర్కోవాల్సింది ఈ రెండో అంకెను.

వేడి తలుపులోంచి వస్తుందనుకుని కర్టెన్లు కట్టేవాళ్లున్నారు. అసలు దారి నెత్తిన ఉంది. పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున్న షెడ్డు కప్పు దాదాపు 18 చదరపు మీటర్లు. వేసవి మధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే కిలోవాట్ హీటర్లు పద్దెనిమిదింటిని కప్పు మీద బోర్లించినట్టే. రేకు 60 డిగ్రీలకు చేరిందంటే దాని అడుగు భాగం కూడా వేడిని కిరణాలుగా కిందికి వెదజల్లుతుంది. 30 డిగ్రీల కప్పుతో పోలిస్తే ఆ కాలిన కప్పు ప్రతి చదరపు మీటరు నుంచి 200 వాట్ల దాకా అదనంగా పంపుతుంది. ఈ వేడి గాలి మీదుగా వచ్చేది కాదు, పొయ్యి ముందు కూర్చుంటే ముఖానికి తగిలే సెగ లాంటిది. అందుకే ఫ్యాన్ ఎంత తిప్పినా నడినెత్తి మాడుతూనే ఉంటుంది.

మందు చాలా చవక. కప్పు పైభాగానికి తెల్లగా సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేస్తే ఎండలో ఎక్కువ భాగం వచ్చిన దారినే పోతుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కొత్త జింకు రేకు అద్దంలా మెరుస్తుంది కాబట్టి అదే చాలునని అనుకుంటారు. అది ఎండను కొంత తిప్పికొడుతుంది, నిజమే. కానీ పీల్చుకున్న కొద్దిపాటి వేడిని మెరిసే లోహం కిరణాలుగా త్వరగా వదలదు. సున్నం, పెయింటు అలా కాదు. ఎండను వెనక్కి పంపుతాయి, లోపల చేరిన వేడినీ ఆకాశంలోకి వదిలేస్తాయి. అందుకే తెల్ల రంగు వేసిన రేకు మెరిసే రేకు కంటే చల్లగా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం నిలబడింది ఈ సూత్రం మీదే. అది 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని కప్పును తప్పనిసరి చేసింది. చిన్న షెడ్డుకు నిర్బంధం లేదు, అవసరం మాత్రం దానికే ఎక్కువ.

కప్పు పాత సిమెంటు రేకు అయితే ఒక్క హెచ్చరిక. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాన్ని వైరు బ్రష్‌తో గీకకూడదు, డ్రిల్‌తో తూట్లు పొడవకూడదు. లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి క్యాన్సర్‌కు దారితీస్తాయని వైద్యశాస్త్రం తేల్చింది. నీళ్లతో తడిపి, మెత్తగా కడిగి, రంగు వేయాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టడం అసలే కూడదు, అది విరిగితే కిందపడతారు.

షట్టరు ఉత్తరం వైపు ఉంటే అదృష్టం. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో ఈ నగరంలో మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే మాయమవుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, కానీ దాదాపు నెత్తినే ఉంటాడు కాబట్టి చిన్న సజ్జా చాలు. మిగతా ఏడంతా ఉత్తరపు వెలుతురు కళ్లు చెదరనివ్వకుండా బెంచీ మీద పరుచుకుంటుంది. ఎదురు గోడలో కప్పుకు ఆనుకుని వెంటిలేటర్లు పెడితే పైకి లేచిన వేడిగాలి వాటిలోంచి పోతుంది, కింద షట్టరు నుంచి కొత్త గాలి వస్తుంది.

వేడి మనిషినే కాదు, కొలతనూ మారుస్తుంది. ప్రపంచమంతా పొడవు కొలతలకు ప్రమాణంగా తీసుకునే ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో షెడ్డు లోపల 42 డిగ్రీలుంటే 200 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ మిల్లీమీటరులో పదోవంతు సాగుతుంది. కొలిచే ఉక్కు వెర్నియర్ అందులో సగమే సాగుతుంది. దాంతో వెర్నియర్‌లో కడ్డీ పొడవు 0.05 మిల్లీమీటరు ఎక్కువగా కనిపిస్తుంది. బేరింగ్ కూర్చోవాల్సిన చోట అంత తేడా పనిని పాడు చేస్తుంది. ఉక్కును ఉక్కుతో కొలిస్తే ఈ బెడద లేదు, రెండూ కలిసే సాగుతాయి. అయితే లేతు నుంచి అప్పుడే తీసిన వేడి ముక్కను మాత్రం చల్లారాకే కొలవాలి.

సామాను కోసం ఈ పేటవాళ్లు దూరం పోనక్కర్లేదు. మోటార్లు, బేరింగులు, పానాలు, ఆకురాళ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. ముందు కొనాల్సింది లేతు కాదు, మంచి వైస్. మనిషి నిలబడితే దాని పైఅంచు మోచేతి ఎత్తుకు రావాలి. అంతకన్నా కిందుంటే ఆకురాయి పట్టిన గంటకే నడుము పట్టేస్తుంది. లేతు సెకండ్‌హ్యాండ్‌ది కొంటే పని ముక్కను బిగించే దాని చక్ మీద ప్రాగా అన్న పేరు ఉందేమో చూడండి. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ లేతు చక్‌లూ డ్రిల్ చక్‌లూ తయారుచేసింది.

ఆ చక్ తిరిగేటప్పుడు కంటిని మోసం చేయగలదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైటు, నాసిరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే లేతు సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక మినుకుకూ మరో మినుకుకూ మధ్య సరిగ్గా పావు చుట్టు. పనివాళ్లు ఫోర్ జా అనే నాలుగు దవడల చక్ అయితే, ప్రతి మినుకులో ఒక దవడ ఉన్న చోటికే మరో దవడ వచ్చి ఉంటుంది. చక్ ఆగిపోయినట్టే కనిపిస్తుంది. మూడు దవడల చక్‌కు ఇదే భ్రమ 2000 చుట్ల దగ్గర వస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. లేతు నెత్తిన మినుకు లేని మంచి ఎల్‌ఈడీ పెట్టాలి. చక్‌ను కంటితో చూసి నమ్మకుండా, స్విచ్ ఆపి, చెవితో కూడా విన్నాకే దగ్గరికి వెళ్లాలి. కరెంటు బోర్డులో, లీకేజీ ఉంటే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు ఉండాలన్నది ఎలాగూ తప్పదు.

జూలైలో శత్రువు మారుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టడం వేగం పుంజుకుంటుంది, వర్షాకాలపు ఉదయాల్లో తేమ 80 దాటుతుంది. మెట్టుగూడ వర్క్‌షాపులో వెచ్చదనం కావాల్సిన ఒకే ఒక్క చోటు ఇక్కడుంది, పనిముట్ల బీరువాలో. బయట 25 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్నప్పుడు అదే గాలిని ఆరు డిగ్రీలు వెచ్చబెడితే తేమ శాతం 60కి దిగుతుంది. నీరు ఎక్కడికీ పోదు, వెచ్చని గాలికి దాన్ని ఆవిరిగా ఉంచుకునే శక్తి పెరుగుతుంది, అంతే. దానికి ఇనప బీరువా అడుగున తీగ జాలీలో 40 వాట్ల పాత ఫిలమెంటు బల్బు చాలు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెడితే వెలుగు వస్తుంది కానీ వేడి చాలదు. నూనె గుడ్డలు, చెక్క పెట్టెలు ఆ బల్బు దగ్గర ఉంచకూడదు.

ఇంత చేసి ఏం సాధిస్తారని అడిగేవాళ్లకు జవాబు కాజీపేట రైలు దారిలోనే ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోస్తూ చేతులు నొప్పెట్టే తల్లి లక్ష్మి కష్టం చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు, 1999లో పూర్తిచేశారు. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగ్ డిగ్రీ లేని ఆయన, దొరికిన కొద్దిపాటి పరికరాలతో ఒక్కో భాగాన్నీ చేసి చూస్తూ అక్కడికి చేరారు.

పొరుగువాళ్ల సంగతీ మరవకూడదు. నివాస ప్రాంతంలో శబ్దానికి హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45. గ్రైండర్ ఈ హద్దును సులువుగా దాటేస్తుంది కాబట్టి దాని పని పగలే ముగించుకోవాలి.

ఏ యంత్రం కొనేముందైనా ఫిబ్రవరిలోనే కప్పు కడిగించి తెల్ల రంగు వేయించండి. మార్చి రెండో వారం దాటితే రేకు మీద చెయ్యి పెట్టనివ్వదు.