కరెంటు పోకముందే...

వేసవి రాత్రి ఎనిమిదిన్నర. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మామగారు స్నానాల గదిలో ఉన్నారు. ఉన్నట్టుండి ఇల్లంతా చీకటి! "అగ్గిపెట్టె ఎక్కడ?", "టార్చి వెలగడం లేదే!", "నా ఫోనులో చార్జింగు అయిపోయింది!" అంటూ ఒకటే కేకలు. ఈ గొడవలో తడినేల మీద మామగారి కాలు జారిందనుకోండి. కరెంటు అరగంటలో తిరిగి వస్తుంది. విరిగిన తుంటి ఎముక అతకడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఒకప్పుడు పొద్దు వాలుతుండగానే లాంతరు చిమ్నీ తుడిచి, వత్తి సరిచేసి సిద్ధంగా పెట్టుకునేవాళ్ళం. కరెంటు ఎప్పుడు పోయినా కంగారు ఉండేది కాదు. కోతలు తగ్గేసరికి ఆ అలవాటు పోయింది. అదే సమయంలో ఇంట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌లోకి చేరింది, ఆయాసానికి నెబ్యులైజరు వచ్చింది, కొందరికి ఆక్సిజన్ యంత్రం తప్పనిసరి అయింది. అంటే కరెంటు పోవడం తగ్గినా, పోయినప్పుడు జరిగే కీడు పెరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్నంలో ఎన్నో ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అంత దాకా ఎందుకు? రెండు మూడు గంటల కోతకైనా మీ ఇల్లు సిద్ధంగా ఉన్నదా?

చీకట్లో మొదటి నియమం

కరెంటు పోగానే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగాలి. వెలుగులోంచి హఠాత్తుగా చీకట్లో పడిన కంటికి ఏమీ కనిపించదు. వయసు మళ్ళినవారి కళ్ళు అలవాటు పడడానికి మరింత సమయం తీసుకుంటాయి. బి.పి. మాత్రలు వాడేవారు గబుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు. కనుక వెలుతురే వారి దగ్గరకు వెళ్ళాలి గాని, వారు వెలుతురు కోసం వెతుక్కుంటూ రాకూడదు.

పెద్దవాళ్ళ తలగడ పక్కన ఒక టార్చి, వంటింట్లో ఒకటి ఉంచండి. వాటి చోటు ఎన్నడూ మార్చకండి. కరెంటు పోగానే తనంత తానే వెలిగే చార్జింగు బల్బు ఒకటి స్నానాల గది దారిలో పెడితే సగం ప్రమాదాలు తప్పినట్లే. నడిచే దారిలో బకెట్లు, చెప్పులు, పిల్లల ఆటసామాను ఉండనివ్వకండి.

కొవ్వొత్తి వెలిగించక తప్పకపోతే వెడల్పాటి పళ్ళెంలో నిలబెట్టి, దోమతెరకూ కిటికీ పరదాకూ దూరంగా ఉంచండి. వెలుగుతున్న కొవ్వొత్తిని వదిలి నిద్రపోకండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచడమే తొలి చికిత్స. సిరా, టూత్‌పేస్టు, వెన్న రాయకండి. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం అగ్గిపుల్ల గీయవద్దు, ఏ స్విచ్చినీ ముట్టుకోవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీయండి.

ఫ్రిజ్ తలుపు తీయకండి

కరెంటు పోయాక ఫ్రిజ్‌ను మాటిమాటికీ తెరిచి చూడడం చాలామందికి అలవాటు. తెరిచినప్పుడల్లా చల్లదనం బయటికి పోతుంది. మూసి ఉంచితే లోపలి పదార్థాలు సుమారు 4 గంటలు నిలుస్తాయి. అంతకు మించితే పాలు, మాంసం, చేపలు, వండిన కూరల విషయంలో మొహమాటం వద్దు. వాసన బాగానే ఉందని రుచి చూడకండి. రోగం తెచ్చే సూక్ష్మజీవులన్నీ వాసన పుట్టించవు. వండిన అన్నం ఉక్కలో గంటల తరబడి ఉంటే అందులో ఒక రకం విషం పుడుతుంది. మళ్ళీ వేడిచేసినా అది పోదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పోపు వేసి పిల్లల డబ్బాలో పెట్టే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

ఇన్సులిన్ సంగతి

కరెంటు పోగానే ఇన్సులిన్ పాడైపోతుందని భయపడనక్కరలేదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వాడుతున్న సీసాను మాత్రం 25-30 డిగ్రీల లోపు నీడలో సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. మీ సీసాకు ఎంత గడువో దానితో వచ్చిన కాగితంలో చూసుకోండి. చిక్కంతా మన ఎండాకాలంతోనే. ఒక పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల ఉంచండి. పైన తడిగుడ్డ కప్పండి. పొడిగాలి వీచే ప్రాంతాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. కోస్తాలోని చెమ్మగాలిలో అంతగా చల్లబడదు. అక్కడివారు వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు వేసి, మందపాటి గుడ్డ చుట్టిన సీసాను పైన ఉంచుకోవచ్చు. ఐసు సీసాకు నేరుగా తగలకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

యంత్రం మీద ఆధారపడినవారు

ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు ఉంటే "ఇన్వర్టరు ఉందిగా" అని ధీమాగా కూర్చోకండి. లెక్క వేయండి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నిలవ ఉండేది 1800 వాట్-అవర్లు. అందులో కొంత వృథా పోతుంది. యంత్రం 350 వాట్లు తీసుకునేదైతే, బ్యాటరీ కొత్తదైనా మూడు నాలుగు గంటలకు మించి రాదు. పాతబడితే ఇంకా తక్కువ. అందుచేత నిండు ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. దాన్ని తెరవడం, మార్చడం కనీసం ఇద్దరికి తెలియాలి. దాని దగ్గర దీపం, అగరువత్తి వెలిగించకూడదు. ఉబ్బసం ఉన్నవారు నెబ్యులైజరు ఒక్కదాన్నే నమ్ముకోక, డాక్టరును అడిగి స్పేసరుతో పీల్చే మందు దగ్గర ఉంచుకోవాలి.

జనరేటరు ఉన్నవారికి ఒక హెచ్చరిక. దాని పొగలోనూ, బొగ్గుల కుంపటి నుంచీ వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరును ఆరుబయట, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి. వరండాలోనైనా సరే, పెట్టవద్దు.

ఉక్కపోత, నీళ్ళు

పంకా ఆగిన గదిలో పసిపిల్లలూ వృద్ధులూ త్వరగా నీరసిస్తారు. వదులైన నూలు బట్టలు వేయండి. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, విసనకర్రతో విసరండి. దాహం వేసేదాకా ఆగకుండా మంచినీళ్ళు, మజ్జిగ ఇస్తూ ఉండండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగవచ్చో ముందే డాక్టరును అడగాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే ఒంటి మీద నీళ్ళు పోస్తూ, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

మోటారు ఆగితే కుళాయి ఆగుతుంది. ఒక రోజుకు సరిపడా తాగునీరు మూతపెట్టి ఉంచుకోండి. వాడకం నీటి తొట్లకూ మూతలుండాలి. వారానికొకసారి వాటిని ఖాళీచేసి రుద్ది కడగండి. లేకపోతే డెంగ్యూ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

కరెంటు వచ్చాక

ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోతుంది. పెట్టెను బట్టల మీదే వదిలి బజారుకు వెళతారు. కరెంటు వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బకెట్లో వేసిన హీటరు సంగతీ అంతే. కనుక కరెంటు పోగానే ఇస్త్రీపెట్టె, హీటరు, మోటారు స్విచ్చులు కట్టేసి ప్లగ్గులు పీకండి. గాలివానకు తీగ తెగిపడితే దగ్గరకు వెళ్ళకుండా, ఎవరినీ వెళ్ళనివ్వకుండా 1912కు చెప్పండి.

చివరగా ఒక చిన్న పరీక్ష. వచ్చే ఆదివారం రాత్రి, ఇంట్లో అందరికీ ముందుగా చెప్పి, పది నిమిషాలు మెయిన్ స్విచ్ ఆపండి. (యంత్రం మీద రోగి ఉన్న ఇంట్లో ఈ పని చేయవద్దు.) టార్చి దొరికిందా? నాయనమ్మ కూర్చున్న చోటే కూర్చున్నదా? మందుల పెట్టె ఎవరికి తెలుసు? మీ ఇంటి లోటుపాట్లు ఆ పది నిమిషాల్లో బయటపడతాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, సోమవారమే వాటిని సరిచేసుకోండి.