మీకు తెలుసా? సాలీడు కాని సాలీడు

హార్వెస్ట్‌మన్ అనే పొడవుకాళ్ల జీవిని చాలామంది సాలీడుగా పొరబడతారు గానీ, ఓపిలియోనిస్ అనే వేరే క్రమానికి చెందిన దీనికి గూడు అల్లే పట్టూ లేదు, విషమూ లేదు. సాలీడుకు నడుము సన్నగా నొక్కినట్టుంటే, దీని తల, పొట్ట భాగాలు ఒకే ముద్దగా కలిసిపోయి, సాధారణంగా రెండే కళ్లు వీపుమీది చిన్న బొడిపెకు ఇరువైపులా ఉంటాయి. పక్షులు, కప్పలు, బల్లులే కాక అసలు సాలీళ్లు కూడా దీన్ని వేటాడతాయి. కొన్ని మైట్ల ఎర్రని లార్వాలు దేహానికి అతుక్కుని ద్రవాలు పీలుస్తాయి. శత్రువు పట్టుకున్నప్పుడు అనేక జాతులు ఘాటైన రసాయనాన్ని స్రవిస్తాయి, లేదా చిక్కిన కాలిని తామే తెంచుకోగా, అది కొంతసేపు కొట్టుకుంటూ శత్రువు దృష్టిని మళ్లిస్తుంది. ఆటోటమీ అనే ఈ స్వచ్ఛంద అంగవిచ్ఛేదం చౌకబేరమేమీ కాదు, తెగిన కాలు మళ్లీ మొలవదు.