నటించిన పిచ్చి... నిజమైన పిచ్చి

షేక్‌స్పియర్ సుమారు 1600లో రాసిన విషాదాంత నాటకం ‘హామ్లెట్’. ఇందులో ఇద్దరికి మతి తప్పినట్టు కనిపిస్తుంది. ఒకరిది నటన, మరొకరిది నిజం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే నాటకం పిల్లలకు సులువుగా అందుతుంది.

డెన్మార్క్ రాకుమారుడు హామ్లెట్‌కు చనిపోయిన తండ్రి ఆత్మ కనిపిస్తుంది. తనను చంపింది సొంత తమ్ముడు క్లాడియసేనని చెబుతుంది. ఆ క్లాడియసే ఇప్పుడు రాజు, హామ్లెట్ తల్లికి రెండో భర్త. ఇకపై తాను పిచ్చివాడిలా ప్రవర్తించవచ్చని, ఎవరికీ చెప్పవద్దని హామ్లెట్ మిత్రుల చేత ఒట్టు వేయించుకుంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు పద్యంలో మాట్లాడే అతడు, మంత్రి పొలోనియస్ ఎదురుపడగానే వచనంలోకి దిగి తిక్క జవాబులిస్తాడు. పద్యనాటకాలు చూసిన మన పెద్దలకు పద్యం, వచనం మారడం కొత్తకాదు. ఇక్కడ ఆ మార్పే నటనకు ఆనవాలు.

పొలోనియస్ కూతురు ఒఫీలియా కథ వేరు. హామ్లెట్‌కు దూరంగా ఉండమని తండ్రి, అన్న చెబితే వింటుంది. తర్వాత ఆ తండ్రే ఆమెను హామ్లెట్ ముందుకు పంపి, రాజుతో కలిసి చాటునుంచి వింటాడు. ప్రేమించినవాడు ఆమెను నానా మాటలంటాడు. చివరకు అతని చేతిలోనే తండ్రి చనిపోతాడు. అంత్యక్రియలు గుట్టుగా, హడావుడిగా ముగుస్తాయి. అండగా నిలవాల్సిన అన్న ఫ్రాన్స్‌లో ఉంటాడు.

నాలుగో అంకంలో ఒఫీలియా తెగిన పాటలు పాడుతూ, పూలు పంచుతూ వస్తుంది. జ్ఞాపకానికి గుర్తుగా రోజ్‌మేరీ ఇస్తుంది. రాణి మొదట ఆమెతో మాట్లాడటానికే ఒప్పుకోదు. ఆమెను కనిపెట్టి ఉండమని రాజు ఆజ్ఞాపిస్తాడు. కాసేపటికే ఆమె వాగులో మునిగి చనిపోయిందన్న కబురు వస్తుంది.

హామ్లెట్‌కు ఏమైందో కనుక్కోవడానికి రాజు అతని చిన్ననాటి స్నేహితులిద్దరిని రప్పించాడు. ఏం కావాలని ఒఫీలియాను మాత్రం ఎవరూ నేరుగా అడగలేదు. నాటకంలోని అసలు విషాదం ఇదే.

ఉపాధ్యాయులు ముందు కథంతా తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లిష్ పాఠంలోకి వెళ్లాలి. మొదటి మూడు అంకాల్లో ఒఫీలియా తన కోరికను ఎక్కడైనా చెప్పిందేమో వెతకమనండి. ఆమె అన్నకు రాయగలిగిన ఉత్తరాన్ని తెలుగులో రాయించండి. ‘పిచ్చి’ అని తేలిగ్గా అనేసే మాట వెనక ఎంత బాధ ఉండగలదో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో తల్లిదండ్రులు ఆ ఉత్తరాన్ని చదివించుకుని వింటే ఇంకా మంచిది. మాట్లాడటం మానేసిన పిల్లను ఏమైందని అడగాల్సింది ముందు మనమే.