మన తీరపు రేవులు – మారిన వర్తకం

ఓడ నిలువగల లోతు, సరకును లోనాటికి చేర్చే దారి, వర్తకునికి ధైర్యమిచ్చే కట్టుబాటు – ఈ మూడూ ఉన్నప్పుడే రేవు వర్ధిల్లుతుంది. అంతర్జాతీయ వాణిజ్యపు తీరు మారినప్పుడెల్ల రేవు వీటిని సరిదిద్దుకొనక తప్పదు. దీనికి నిదర్శనాల కోసం భట్టిప్రోలు విద్యార్థులు దూరదేశాలకు పోనక్కరలేదు.

మన బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున అభయశాసనం వేయించాడు. తుపానుకు దారితప్పి ఒడ్డు చేరిన ఓడల సరకును పూర్వపు రాజులు అపహరించేవారు. ఆయన ఆ దురాచారాన్ని మాన్పి, ముప్పయ్యవ వంతు సుంకం మాత్రమే గ్రహిస్తానని ప్రకటించాడు. ప్రాణాలకు తెగించి వచ్చే విదేశీ వర్తకునికి ఆ మాటే పెట్టుబడి అయినది. 1358లో అనపోతరెడ్డి అట్టి శాసనమునే మరల వేయించుటను బట్టి దాని విలువ గ్రహించవచ్చును.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ప్రసిద్ధికెక్కినది. 'బందరు' అనే పారశీక పదానికి రేవు అని అర్థమని ఉర్దూ చదివే మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుండి పర్షియాకు, తూర్పు దీవులకు ఎగుమతి అయ్యేవి. 1611లో ఆంగ్లేయులు నిజాంపట్నానికి, మచిలీపట్నానికి వచ్చినదీ ఈ వస్త్రాల కొరకే. అయితే ఇక్కడ సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరాన లంగరు వేయగా, సరకు పడవలపై ఒడ్డుకు చేరేది. ఇంగ్లండు మిల్లుబట్టల పోటీతో నేతవర్తకం క్షీణించినది. 1864 నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. పెద్ద ఓడల యుగానికి తగిన లోతు లేక బందరు వెనుకబడినది.

విశాఖపట్నం ఇందుకు భిన్నం. 1933లో ప్రారంభమైన ఈ రేవు, జపానుకు ఇనుపఖనిజం ఎగుమతి పెరగగా బైలడిల్లా గనులతో రైలుమార్గం కలుపుకొని, భారీ ఓడల కోసం 1976 నాటికి బాహ్య నౌకాశ్రయం నిర్మించుకొన్నది. 2003లో కంటైనరు టెర్మినలు వచ్చినది. పూర్వం బస్తా బస్తాగా ఎక్కించే సరకును నేడు ఇనుపపెట్టెలో ఒక్కసారి సర్ది సీలు వేస్తారు. ఆ పెట్టె విప్పకుండానే లారీ నుండి రైలుకు, రైలు నుండి ఓడకు మారుతుంది. కాలవ్యయం, దొంగతనం, తరుగు తగ్గుతాయి. రొయ్యలకైతే శీతల కంటైనర్లే శరణ్యం.

2025లో అమెరికా సుంకాలు పెంచగానే మన డెల్టా రొయ్యల రైతులు కలతపడ్డారు. ఒకే దేశాన్ని నమ్ముకొన్న వర్తకానికి అది హెచ్చరిక. 2023లో మచిలీపట్నం చెంత లోతైన నూతన రేవుకు పనులు మొదలైనవి. గోడలు, క్రేనులు మాత్రమే దానిని నిలుపలేవు. సుంకపు నియమాలు, విదేశీ విపణులు, సరకు రవాణా ఎరిగిన యువకులు, యువతులు కావలెను. వారు మన కళాశాల నుండియే రావలెనని మా ఆకాంక్ష.